పువ్వు విప్పి చూడటం ఎలా: మొక్క ఏ గుంపుదో, పిందె ఎందుకు రాలిందో తెలుసుకునే పద్ధతి

పువ్వు చేతికిచ్చి కుటుంబం చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలని బైపీసీ పిల్లలు అడుగుతుంటారు. పూత విరగబూసింది, పిందె మాత్రం ఎందుకు నిలవడం లేదని మిద్దె తోటల వాళ్లు అడుగుతుంటారు. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరుకుతుంది: పువ్వు అడుగున ఉండి, తర్వాత కాయగా పెరిగే అండాశయంలో. మనలో ఎక్కువమంది రంగు, రేకుల దగ్గరే ఆగిపోయి అంతవరకూ వెళ్లరు. అక్కడికి వరుస తప్పకుండా ఎలా చేరాలో, చేరాక ఏం చూడాలో కింద ఉంది.

## 1. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

ల్యాబ్ అక్కర్లేదు. ఇంట్లో ఉన్నవే సరిపోతాయి.

- కొత్త షేవింగ్ బ్లేడు. మొద్దు బ్లేడు అండాశయాన్ని కోయదు, నలిపేస్తుంది.
- రెండు గుండుసూదులు, ఒక ట్వీజర్
- పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం
- ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం (తెల్ల పరాగం, అంటే పుప్పొడి, తెల్ల కాగితం మీద కనిపించదు)
- పారదర్శకమైన టేపు, నోటుబుక్, పెన్సిల్
- తడి గుడ్డ పరిచిన స్టీలు డబ్బా

అన్నిటికంటే ముఖ్యమైనది నమూనా. ఒక్క పువ్వు తెస్తే సగం కథే తెలుస్తుంది. ఒకే మొక్క నుంచి మూడు తీసుకోండి: రేపు విచ్చుకోబోయే మొగ్గ, ఈ రోజు విచ్చిన పువ్వు, నిన్నటి వాడిన పువ్వు. మొగ్గలో పరాగకోశాలు (పరాగం ఉండే సంచులు) పగలకుండా ఉంటాయి, రేకులు ఒకదానిపై ఒకటి ఎలా చుట్టుకున్నాయో కూడా అందులోనే తెలుస్తుంది. వాడిన పువ్వులో అండాశయం ఉబ్బడం మొదలై, కోతకు వీలుగా ఉంటుంది.

చిన్న పిల్లలు చేస్తుంటే బ్లేడు పని పెద్దవాళ్లే చూసుకోవాలి. ఉమ్మెత్త, గన్నేరు, పచ్చగన్నేరు విషపూరితం. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఈ నాలుగూ లేకుండానే ఈ పనంతా నేర్చుకోవచ్చు. ఏ పువ్వు విప్పినా తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

## 2. ఏ పువ్వుతో మొదలుపెట్టాలి

మొదటి పువ్వుగా రేకమందారం తీసుకోండి. భాగాలన్నీ పెద్దగా ఉంటాయి, ఏడాది పొడవునా దొరుకుతుంది. తర్వాత అవిశె పువ్వు, వంగ పువ్వు, గుమ్మడి పువ్వు, సీజన్‌లో ఆవ పువ్వు.

మొదట్లో పక్కన పెట్టాల్సినవి:

- ముద్దమందారం, ముద్ద నందివర్ధనం, కొట్లో దొరికే గులాబీ. వీటిలో చాలావాటికి కేసరాలు (పరాగాన్నిచ్చే మగ భాగాలు) రేకులుగా మారిపోయి ఉంటాయి. లెక్క కుదరదు.
- కాగితంపూలు. రంగుగా కనిపించే మూడూ పూరేకులు కావు, పుష్పపుచ్ఛాలు (పువ్వును అంటి ఉండే ఆకులాంటి భాగాలు). అసలు పువ్వు వాటి మధ్య సన్నగా, గొట్టంలా ఉండే తెల్లటి భాగం.
- బంతి, చామంతి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక గుత్తి. వీటి సంగతి ఏడో భాగంలో ఉంది.

## 3. కోసే ముందు మొక్కను చూడండి

పువ్వు తెంపుకొని ఇంటికొచ్చాక ఆకు ఎలా ఉందని అడిగితే జవాబు ఉండదు. అందుకే చెట్టు దగ్గరే ఒక నిమిషం ఆగి ఇవి రాసుకోండి.

- ఆకు ఈనెలు వల అల్లికలా ఉన్నాయా, పక్కపక్కనే గీతల్లా సాగాయా?
- ఆకులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా?
- కాండం గుండ్రమా, నలుపలకలా? తుంచితే పాలు వస్తున్నాయా?
- ఆకు నలిపితే వాసన ఉందా?
- పువ్వు ఒంటరిగా ఉందా, గుత్తిగానా, కంకిగానా?

నలుపలకల కాండం, ఎదురెదురు ఆకులు, ఘాటైన వాసన మూడూ కలిస్తే తులసి కుటుంబమైన లామియేసిని అనుమానించవచ్చు. తులసి, పుదీనా రెండూ ఇందులోవే. పువ్వు విప్పడం అప్పుడు నిర్ధారణ కోసమే.

## 4. బయటి నుంచి లోపలికి విప్పండి

వరుస మార్చకండి. లోపల ఏముందోనన్న ఆత్రంతో పువ్వును మధ్యకు చీలిస్తే ఏ రేకు ఎక్కడిదో తెలియకుండా పోతుంది.

మొదటి వలయం, రక్షకపత్రాలు. అడుగున ఆకుపచ్చగా ఉండేవి. ఎన్ని ఉన్నాయో, విడివిడిగా ఉన్నాయో అతుక్కున్నాయో చూడండి. మందారంలో ఐదు కలిసి గిన్నెలా ఉంటాయి. వాటి కింద సన్నటి పచ్చ పోగుల్లా ఇంకో వలయం ఉంటుంది. దాన్ని వదిలేయకండి, అది ఈ కుటుంబానికి పెద్ద గుర్తు.

రెండో వలయం, ఆకర్షణపత్రాలు. మనం పూరేకులు అనేవి ఇవే. ఒక్కొక్కటి లాగి తెల్ల కాగితం మీద అదే వరుసలో టేపుతో అంటించండి. లాగినప్పుడు వాటితో పాటు కేసరాలు కూడా ఊడొస్తే, కేసరాలు రేకులకు అతుక్కుని ఉన్నాయని రాసుకోండి.

మూడో వలయం, కేసరాలు. లెక్కపెట్టండి. పదికి మించి చాలా ఉంటే "అనేకం" అని రాస్తే చాలు. లెక్క కంటే అతుకు ముఖ్యం. మందారంలో కేసరదండాలన్నీ (కేసరాల కాడలు) కలిసి గొట్టమైపోతాయి. గొట్టాన్ని అడుగు నుంచి పైకి నిలువుగా చీలిస్తే లోపల సన్నటి కీలం కనిపిస్తుంది, దాని కొస ఐదుగా చీలి ఉంటుంది. ఒక పరాగకోశాన్ని నల్ల కాగితం మీద తట్టి పరాగం రాలుతోందో లేదో ఇప్పుడే రాసుకోండి. ఎనిమిదో భాగంలో అవసరమవుతుంది.

నాలుగో వలయం, అండకోశం. పైన పరాగాన్ని పట్టే కీలాగ్రం, మధ్యలో కీలం, అడుగున అండాశయం. దీన్ని ఊడబీకకండి. పుష్పాసనానికి (పువ్వు భాగాలన్నీ మొలిచే పీఠానికి) అంటి ఉండగానే తర్వాతి భాగంలోకి రండి.

## 5. అండాశయం: అసలు పని ఇక్కడే

రెండు ప్రశ్నలు. మొదటిది, అండాశయం ఎక్కడుంది? రేకులూ కేసరాలూ దాని కింద నుంచి మొలిస్తే అది ఊర్ధ్వ అండాశయం. దాని నెత్తి మీద నుంచి మొలిస్తే నిమ్న అండాశయం. చిన్న పువ్వుల్లో ఇది తేల్చడం కష్టం. అప్పుడు కాయను చూడండి. వంకాయకు, టమాటాకు ముచ్చిక పక్కనే రక్షకపత్రాలు ఉంటాయి, అంటే అవి కాయ కింద నుంచి వచ్చాయి: ఊర్ధ్వం. దానిమ్మ కిరీటం, జామకాయ కొసన ఎండిన మొన ముచ్చికకు అవతలి చివర ఉంటాయి. అవి రక్షకపత్రాలే, కాయ నెత్తి మీదున్నాయి: నిమ్నం. సొర పిందె కొసన వాడిన పువ్వు వేలాడటం కూడా ఇదే.

రెండో ప్రశ్న, లోపల ఎన్ని గదులు, గింజలు ఎక్కడ అంటుకున్నాయి? అండాశయాన్ని బ్లేడుతో ఒక్క లాగులో అడ్డంగా కోయండి. రెండు మూడు పలుచని చక్రాలు తీసి, నీటి చుక్కలో ఉంచి భూతద్దంతో చూడండి. మొదట్లో ముక్కలైపోతుంటే వంటింట్లోకి వెళ్లండి. కాయంటే పెరిగిన అండాశయమే, కోతకు అదే తేలిక.

- బెండకాయ అడ్డంగా: సాధారణంగా ఐదు గదులు, గింజలు మధ్య స్తంభానికి అంటుకుని ఉంటాయి. దీన్ని స్తంభ అండన్యాసం అంటారు. మందారం అండాశయం కూడా ఇంతే, సైజే తేడా.
- చిక్కుడు నిలువుగా: ఒకే గది, గింజలన్నీ ఒకే అంచున వరుసగా. ఇది ఉపాంత అండన్యాసం.
- దోసకాయ అడ్డంగా: మూడు భాగాలు కనిపిస్తాయి. గింజలు గోడ వైపు నుంచి పుట్టినవి. ఇది కుడ్య అండన్యాసం.
- అరటికాయ అడ్డంగా: మధ్యలో మూడు భాగాల ఆనవాలు. ఏకదళబీజాల (గింజలో ఒకే దళం ఉండే మొక్కల) మూడు లెక్క ఇక్కడే బయటపడుతుంది.

ఈ పాఠానికి టమాటా మంచిది కాదు. పెద్ద హైబ్రిడ్ రకాల్లో గదులు చాలా ఉంటాయి. చెర్రీ టమాటా కోస్తే సాధారణంగా రెండే గదులు స్పష్టంగా కనిపిస్తాయి.

## 6. పెద్ద గుంపు తేల్చడం

పూల మొక్కల జాతులు సుమారు మూడు లక్షలు. పాత పుస్తకాలు వీటిని ఏకదళబీజాలు, ద్విదళబీజాలు అని రెండుగా చేసేవి. ఇప్పుడు డీఎన్ఏ ఆధారంగా యాంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్ అనే శాస్త్రవేత్తల బృందం చేసిన ఏపీజీ వర్గీకరణ (నాలుగో రూపం 2016లో వచ్చింది, అందులో 64 క్రమాలు, 416 కుటుంబాలు) ద్విదళబీజాలను ఒకే గుంపుగా ఒప్పుకోదు. మన పనికి ఈ నాలుగు గుర్తుంటే చాలు.

ఏకదళబీజాలు. భాగాలు మూడు లేదా దాని గుణిజాలు, ఈనెలు సమాంతరం, పీచు వేర్లు. వరి, జొన్న, కొబ్బరి, అరటి, ఉల్లి, పసుపు.

నిజ ద్విదళబీజాలు. భాగాలు నాలుగు లేదా ఐదు, ఈనెలు వలలా. పూల మొక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇవే. వీటి అసలు గుర్తు పరాగరేణువు మీద మూడు గాళ్లో రంధ్రాలో ఉండటం, కానీ అది మైక్రోస్కోపు పని.

సంపెంగ గుంపు. సంపెంగ, సీతాఫలం, మిరియాలు, తమలపాకు, దాల్చినచెక్క. సంపెంగలో కేసరాలు, ఫలదళాలు (అండకోశంలోని విడి భాగాలు) లెక్కలేనన్ని, మురిలా తిరుగుతూ అమరి ఉంటాయి. ఆకులకు వాసన మామూలు. గింజలో రెండు దళాలున్నా ఇవి నిజ ద్విదళబీజాలు కావు.

తొలి శాఖలు. మిగతా అన్నిటి కంటే ముందే విడిపోయిన చిన్న శాఖలు. మన చెరువుల్లో కనిపించే ఉదాహరణ కలువ.

ఏ ఒక్క గుర్తునూ నమ్మి తీర్పు చెప్పకండి. సీతాఫలం పువ్వుకు కండగల రేకులు మూడే, అయినా ఏకదళబీజం కాదు. చేమ, పెండలం ఆకుల్లో ఈనెలు వలలా అల్లుకుంటాయి, అయినా అవి ఏకదళబీజాలే. కనీసం రెండు గుర్తులు కలిస్తేనే గుంపు రాయండి. గింజ దొరికితే మొలకెత్తించి చూడటం తేలికైన సాక్ష్యం.

తామర, కలువ ఒకటే అనుకోవడం మరో పెద్ద పొరపాటు. తామర నిజ ద్విదళబీజాల్లోది, కలువకు దూరపు చుట్టం కూడా కాదు. కలువ ఆకుకు ఒక పక్క కాడ దాకా చీలిక ఉంటుంది. తామరాకు చీలిక లేకుండా గుండ్రంగా ఉంటుంది, నీటి బొట్టు దాని మీద జారిపోతుంది.

## 7. కుటుంబం పట్టుకోవడం

అన్ని కుటుంబాలూ బట్టీ పట్టనవసరం లేదు. మన పెరట్లో, పొలం గట్టున ఉండే కొన్ని తెలిస్తే చాలా పువ్వులు లొంగుతాయి.

మాల్వేసి (మందారం, బెండ, పత్తి). కేసరాల గొట్టం, చాలా వాటిలో రక్షకపత్రాల కింద అదనపు వలయం. మొగ్గలో రేకులు ఒకే దిశలో మెలితిరిగి ఉంటాయి.

ఫాబేసి (చిక్కుడు, కంది, శనగ, అవిశె). ఐదు రేకులు ఐదూ ఒకలా ఉండవు. పైన పెద్ద ధ్వజం, పక్కన రెండు బాహువులు, కింద పడవలా కలిసిన రెండు ద్రోణులు. ద్రోణిని సూదితో విప్పితే పది కేసరాలు: ఎక్కువ మొక్కల్లో తొమ్మిది కలిసి, ఒకటి విడిగా. అవిశెలో ఇది కంటికే కనిపిస్తుంది. జనుములో పదీ కలిసిపోతాయి. శంఖుపుష్పం దగ్గర పిల్లలు తికమకపడతారు. ఆ పువ్వు తలకిందులుగా పూస్తుంది, కాబట్టి ధ్వజం కింద ఉంటుంది.

సొలనేసి (వంగ, టమాటా, మిరప). కలిసిన రేకులు, రేకులకు అతుక్కున్న కేసరాలు, ఊర్ధ్వ అండాశయం, ఉబ్బిన మధ్యభాగం నిండా గింజలు. వంగ పువ్వులో పరాగకోశాల కొసన సన్నటి రంధ్రాలుంటాయి. భూతద్దంతో తప్పక చూడండి, పంట సమస్య అర్థమయ్యేది అక్కడే.

కుకుర్బిటేసి (గుమ్మడి, సొర, బీర, కాకర). మగ పువ్వు, ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వు కింద చిన్న పిందె ముందే ఉంటుంది.

బ్రాసికేసి (ఆవ, ముల్లంగి). నాలుగు రేకులు అడ్డం నిలువు గీతల్లా, ఆరు కేసరాలు: నాలుగు పొడుగు, రెండు పొట్టి. పసుపుపచ్చ నాలుగు రేకులు చూసి కుక్కవాయింటను ఆవ కుటుంబం అనేస్తుంటారు. దాని కేసరాలు లెక్కపెట్టండి, ఆరు దాటిపోతాయి.

ఆస్టరేసి (బంతి, పొద్దుతిరుగుడు, గడ్డిచామంతి). గట్టు మీద దొరికే గడ్డిచామంతిని మధ్యకు నిలువుగా చీల్చండి. పళ్లెం మీద పేర్చినట్లు చిన్న పువ్వులు కనిపిస్తాయి. ఒక్కదాన్ని సూదితో తీయండి: అడుగున నిమ్న అండాశయం, దాని మీద తెల్లటి కేశాలు, గొట్టంలాంటి ఆకర్షణపత్రం. బయట అంచున నాలుకలా చాచినవి ఒక్కొక్కటీ ఒక్కో పువ్వే. పూల కొట్లో చామంతిలో చాలావరకు ఈ నాలుకలే, అందుకే దానితో మొదలుపెట్టవద్దన్నాను.

అరటి (మ్యూసేసి). బజారు అరటిపువ్వులో ఎక్కువగా మగ పువ్వులే ఉంటాయి. కూరకు వలిచేటప్పుడు తీసి పారేసే గట్టి పుల్ల, దాని కొసన ముడి కలిపి కీలం, కీలాగ్రం. పక్కనే పారేసే పలుచని పొలుసు విడిగా ఉండే పరిపత్రం (రక్షకపత్రం, రేకు అని తేడా తెలియని భాగం). వంట చేస్తూనే ఒక పాఠం అయిపోతుంది.

గడ్డి కుటుంబం, పోయేసి. రేకులు ఉండవు. వరి కంకిని పొట్ట దశ దాటగానే ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు చూస్తే పొట్టు తెరుచుకుని ఆరు కేసరాలు వేలాడుతుంటాయి. చాలా గడ్డి జాతుల్లో మూడే ఉంటాయి. లోపల ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు.

ఇంటర్ పిల్లలకు ఒక మాట. పాఠ్యపుస్తకం లిలియేసిలో చూపించే ఉల్లిని ఏపీజీ వేరే కుటుంబంలో పెడుతుంది. పరీక్షలో పుస్తకం పేరే రాయండి. మన పూల కొట్లలో "లిల్లీ" అని అమ్మే నేలసంపెంగ కూడా అసలు లిల్లీ కాదు, దాని అండాశయం నిమ్నం.

## 8. పిందె ఎందుకు రాలింది?

కీలాగ్రం మీద పడ్డ పరాగరేణువు మొలకెత్తి పరాగనాళం వేస్తుంది. నాళం కీలం గుండా, అండాశయంలో గింజగా మారబోయే అండం దాకా దిగి రెండు పురుష కణాలను వదులుతుంది. ఒకటి స్త్రీబీజంతో కలిసి పిండమవుతుంది. రెండోది రెండు ధ్రువ కేంద్రకాలతో కలిసి అంకురచ్ఛదానికి నాంది అవుతుంది, అదే పిండానికి ఆహారం. కొబ్బరి నీళ్లు, కొబ్బరి గుజ్జు రెండూ అంకురచ్ఛదమే. నానబెట్టిన చిక్కుడు గింజలో అది కనిపించదు, పిండమే తినేసి దళాల్లో దాచుకుంది.

కాలేజీలో మైక్రోస్కోపు ఉంటే 10 శాతం పంచదార నీటి చుక్కలో శనగ లేదా బిళ్లగన్నేరు పరాగం చల్లి 15 నుంచి 30 నిమిషాలు ఆగండి. నాళాలు కంటి ముందే సాగుతాయి.

ఇంటి తోటలో మాత్రం ఈ వరుసలో చూడండి.

- నల్ల కాగితం మీద పరాగం రాలుతోందా? రాలకపోతే సమస్య మగ భాగంలో.
- కీలాగ్రం తాజాగా, జిగురుగా ఉందా, ఎండిపోయిందా?
- రెండు మూడు రోజుల తర్వాత అండాశయం ఉబ్బిందా, పసుపెక్కిందా?

గుమ్మడి జాతి తీగలు. మొదట్లో వరుసగా మగ పువ్వులే వస్తాయి, టెన్షన్ పడకండి. ఆడ పువ్వు వచ్చి పిందె పసుపెక్కి రాలుతుంటే పరాగం అందలేదని మొదట అనుమానించండి. మగ పువ్వు రేకులు తీసేసి, కేసరాన్ని ఆడ పువ్వు కీలాగ్రం అంతటా మెత్తగా రుద్దండి. వేళ ముఖ్యం: గుమ్మడి, కాకర తెల్లవారుజామున లేదా ఉదయం విచ్చుకుంటాయి. బీర, సొర సాయంత్రం పూస్తాయి. నేతిబీర మాత్రం ఉదయమే. పొద్దున్నే బీర పువ్వుకు రుద్దితే ఫలితం ఉండదు.

వంగ. కీలం కేసరాల కంటే పొడుగ్గా పైకి వచ్చిన పువ్వులే ఎక్కువగా కాయ కడతాయి. బాగా పొట్టి కీలం ఉన్నవి రాలిపోతాయి, అది రోగం కాదు. రంధ్రాల నుంచి పరాగం రాలాలంటే పువ్వు కంపించాలి. గండుతుమ్మెద ఆ పని చేస్తుంది, తేనెటీగకు చేతకాదు. మీ మిద్దె మీదకు తుమ్మెదలు రాకపోతే పూల కాడను వేలితో టకటకా మీటండి.

టమాటా. పువ్వు తన పరాగంతోనే కాయ కడుతుంది, ఉదయం కొమ్మ కదిపితే చాలు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పరాగం దెబ్బతింటుంది. ఏప్రిల్, మే నెలల్లో పూత రాలితే ఎరువులు గుమ్మరించకండి, నీడ వల కట్టండి.

సీతాఫలం. ఒకే పువ్వులో కీలాగ్రాలు ముందు సిద్ధమవుతాయి, పరాగం తర్వాత వస్తుంది. పువ్వు తనకు తాను కాయ కట్టుకోలేకపోవడానికి ఇదే కారణం. బాగా విచ్చిన పువ్వు నుంచి పరాగం తీసి, అప్పుడే విచ్చుకోవడం మొదలైన పువ్వుకు మెత్తటి బ్రష్‌తో రాయండి.

బొప్పాయి. చాలా వాటిలో మగ చెట్టు వేరు. పొడవాటి కాడలకు గుత్తులుగా పూలు వేలాడితే అది మగది. ఎన్నాళ్లు చూసినా కాయ ఆశించకండి.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

కేసరాల లెక్క ప్రతిసారీ మారుతోంది. విచ్చిన పువ్వులో కొన్ని రాలిపోయి ఉంటాయి. మొగ్గలో లెక్కపెట్టండి. మూడు మొగ్గల్లో ఒకే అంకె వస్తేనే రాయండి.

అండాశయం కోస్తే గుజ్జవుతోంది. బ్లేడు మార్చండి. పువ్వు మరీ వాడి ఉంటే పావుగంట నీటిలో ఉంచండి. అప్పటికీ కుదరకపోతే లేత పిందె కోయండి.

రక్షకపత్రాలూ రేకులూ వేరుగా కనిపించడం లేదు. రెండూ ఒకేలా ఉంటే బలవంతంగా విడగొట్టకండి. "పరిపత్రాలు ఆరు, రెండు వలయాలు" అని రాయండి. ఏకదళబీజాల్లో ఇది మామూలే.

ఫోన్ యాప్ ఒక పేరు, నా లెక్క ఇంకో పేరు చెబుతోంది. యాప్ ముందుగా చూస్తే కన్ను దాని వెంటే పోతుంది. ముందు మీ రాత పూర్తి చేసి, ఆ తర్వాతే యాప్ తెరవండి. రెండూ కలవకపోతే అండాశయం కోత మళ్లీ చూడండి.

ప్రతి పువ్వుకూ నోటుబుక్‌లో ఈ వరుసలో ఒక పేజీ పెట్టుకోండి:

- మొక్క పేరు, చోటు, తేదీ, వేళ
- ఆకు అమరిక, ఈనెలు, కాండం, పాలు, వాసన
- రక్షకపత్రాలు: ఎన్ని, కలిసాయా?
- రేకులు: ఎన్ని, కలిసాయా, అన్నీ ఒకేలా ఉన్నాయా?
- కేసరాలు: ఎన్ని, దేనికి అతుక్కున్నాయి, పరాగం ఉందా?
- అండాశయం: ఊర్ధ్వమా, నిమ్నమా, ఎన్ని గదులు, గింజలు ఎక్కడ?
- గుంపు, కుటుంబం, అలా అనుకోవడానికి రెండు ఆధారాలు